రెండు అద్దాల నడుమ రంగు

నర్సీపట్నంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నూకరత్నం సెలవు దొరికితే బస్సెక్కి విశాఖ వెళ్లేది. అక్కడి ల్యాబులో ఆమె పీహెచ్‌డీ నడుస్తోంది. ఎండకు రంగు ఎందుకు వెలిసిపోతుంది, దాన్ని ఆపగలమా అన్నది విషయం. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే మేనమామ ఎల్లాజీ, దుకాణంలో ఎండ తగిలి పాలిపోయిన బొమ్మను చూపించి, "దీనికేటీ మందు లేదా, సదువుకున్నావు గదా?" అని అడిగినప్పటి నుంచీ ఆమెను పట్టుకున్న ప్రశ్న అది.

ల్యాబులో ఆమె రెండు పల్చటి వెండి అద్దాల నడుమ రంగు పొర పరిచేది. వాటి ఎడం వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. ఆ ఎడం రంగు పీల్చుకునే కాంతికి సరిగ్గా అమిరితే, లోపల చిక్కుకున్న వెలుగూ, రంగు అణువులూ ఎంత వేగంగా శక్తిని ఇచ్చిపుచ్చుకుంటాయంటే, ఇక ఏది ఏదో విడదీసి చెప్పలేం. ఎండకు అణువులు విరిగిపోవడం వల్లే రంగు వెలిసిపోతుంది; అలా కలిసిపోయిన అణువు విరిగిపోయే దారి మారి, రంగు నిలవవచ్చునని ఆమె ఆశ. నిజంగానే అద్దాల మధ్య రంగు, అద్దాలు లేని రంగు కన్నా నెమ్మదిగా వెలిసిపోయింది. గైడు మేడం సంబరపడి పరిశోధన పత్రికకు పేపరు పంపించేశారు. నూకరత్నం ఆగలేక మేనమామకు ఫోన్ చేసి చెప్పేసింది.

తర్వాతే అనుమానం మొదలైంది. పైనున్న వెండి పొర చాలా వెలుగును వెనక్కి కొట్టేస్తుంది కదా, రంగుకు అసలు దెబ్బే తక్కువ తగిలిందేమో? కావాలనే ఎడం తప్పుగా పెట్టి ఇంకో నమూనా చేసింది. అందులో వెలుగుకూ రంగుకూ కలయిక కుదరదు. అయినా అదీ అంతే నెమ్మదిగా వెలిసిపోయింది.

"ఆ నమూనా పక్కన పెట్టెయ్. ఎవరూ అడగలేదు కదా," అన్నారు మేడం.

"నా పేరు మీద అలా వెళ్లకూడదు మేడం."

చివరికి మేడం పేపరు వెనక్కి తీసుకున్నారు. నూకరత్నం ఏ రంగు పొర నిజంగా ఎంత వెలుగు మింగిందో కొలిచి మళ్లీ పోల్చి చూస్తే, మిగిలిన తేడా కొలతల్లో దొర్లే పొరపాటు కన్నా పెద్దది కాదు. ఇతర రంగులతో ఈ కలయిక పనిచేయవచ్చు. ఆమె రంగుతో మాత్రం రుజువు కాలేదు. థీసిస్ మళ్లీ మొదటికొచ్చింది.

ఏటికొప్పాక వెళ్లేసరికి ఎల్లాజీ బొమ్మకు లక్క పట్టిస్తున్నాడు. జరిగిందంతా చెప్పింది.

"దుకాణాలోళ్లందరికీ సెప్పీసేనే అమ్మా, మా నూకరత్నం కనిపెట్టిందని."

"తేలకముందే చెప్పాను మావయ్యా. తప్పు నాదే."

"మరిప్పుడేటి సేత్తావు?"

"ఇంకో రంగుతో మొదలెడతాను. అదైనా కుదురుతుందో లేదో తెలీదు."

అతను చేతిలో బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే, బోయినం సేసి ఎల్లు. బేగి ఎల్లకపోతే ఆటో దొరకదు," అన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా అతను అద్దాల సంగతి ఎత్తలేదు. ఒక్కసారి అడిగినా బాగుండునని నూకరత్నానికి ఉండేది.