కూర్మమ్మ మూడు నిమిషాలు

చీపురుపల్లి రైలు గేటు అవతల పిండి మర నడిపే కూర్మమ్మకు మెల్లగా మాట్లాడడం రాదు. ముప్పై రెండేళ్లుగా మోటారు చప్పుడు మీద అరిచి అరిచి ఆ గొంతు అక్కడే స్థిరపడిపోయింది. రహస్యం చెప్పినా వీధంతటికీ చెబుతుంది. ఊళ్లు తిరిగినవాళ్లకి తెలుసు, సముద్రం ఒడ్డునైనా కొండ మీదైనా పిండి మరల వాసన ఒక్కటే, నడిపేవాళ్ల గొంతుల్లోనే తేడా. సరే, అసలు సంగతికి వద్దాం.

చుట్టుపక్కల లోహం కరిగించే ఫ్యాక్టరీలు కరెంటు సంస్థను వదిలేసి బయట కరెంటు చవగ్గా కొనుక్కుంటామన్నాయి. వెళ్లిపోయేవాళ్ల మీద ఎంత సర్‌చార్జీ వెయ్యాలో తేల్చడానికి విద్యుత్ నియంత్రణ కమిషన్ విజయనగరంలో బహిరంగ విచారణ పెట్టింది. ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవచ్చు, మనిషికి మూడు నిమిషాలు. పెద్దవాళ్లు పోతే స్తంభాల ఖర్చూ తీగల ఖర్చూ చిన్నవాళ్ల నెత్తిన పడతాయనీ, తన మర మూతపడుతుందనీ కూర్మమ్మ భయం. అభ్యంతరం రాసిపెట్టినవాడు బెన్హర్. వీధి చివర టిఫిన్ హోటలు అతనిదే. చర్చిలో ఆదివారం బడి పాఠాలు చెబుతాడు కనక దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. మరకు అందరికన్నా పెద్ద బేరం కూడా అతనే. శెనగపిండైనా కారమైనా బస్తాల్లోనే.

విచారణ రోజు ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. గరివిడి దాటాక కూర్మమ్మ అతని మొహంలోకి చూసింది.

"ఏటిరా బెన్హరూ, కనుబొమ్మల్లో కారమున్నాది? నా మరలో వారం దినాలై మిరపకాయలు ఆడనేదే!"

"మెల్లగా అత్తా, బస్సంతా ఇంటన్నారు."

"ఇననీ. సెప్పు."

"సిన్న మిషను కొన్నానత్తా. ఇంట్లోనే ఆడించుకుంటన్నాను."

నెల్లిమర్ల దాకా కూర్మమ్మ మాట్లాడలేదు. ఆవిడ దిగిపోయిందేమోనని డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

హాల్లో ముందు ఫ్యాక్టరీ వకీలు మాట్లాడాడు. వకీళ్లకు మూడు నిమిషాల లెక్క లేదు. తరవాత కూర్మమ్మను పిలిచారు. మైకు ఇవ్వబోతే వద్దంది, అందరి అదృష్టం కొద్దీ. బెన్హర్ రాసిన కాగితం మడిచి బొడ్లో దోపుకుంది.

"బాబూ! ఈడు బెన్హరు. ఈడి బస్తాలు సూసుకోనే నాను పదిహేను గుర్రాల మోటారు ఎట్టినాను. ఇప్పుడు నన్నొగ్గీసి మిషను కొన్నాడు. ఆ మోటారు నానేటి సేసీది? సగానికి కోసీమంటారా?"

హాలు ఘొల్లుమంది. కమిషన్ అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు. "అమ్మా, మీ అభ్యంతరం ఫ్యాక్టరీ మీదా, ఇతని మీదా?"

"ఇద్దరూ ఒకటే బాబూ. ఈడికి మీసాలున్నాయి, ఫ్యాక్టరీకి నేవు."

బెన్హర్ ఉండబట్టలేక లేచాడు. "అయ్యా, నా డబ్బుతో కొనుక్కున్నానండి. నా ఇష్టం కాదాండి?"

"మా వాదన సరిగ్గా ఇదే!" అని ఫ్యాక్టరీ వకీలు బల్ల చరిచాడు.

"నీ ఇష్టమేరా," అంది కూర్మమ్మ. "రేపు పెళ్లిళ్ల రోజుల్లో నీ మిషను కాలిపోతే ఎవలి కాడికొస్తావు? నా కాడికే. అందాకా నాను మోటారు తుడుసుకోని నీ కోసం కూకోవాల. కూకున్నందుకు నాకేటి?"

కమిషన్ సభ్యులు ముగ్గురూ ఒక్కసారే రాసుకోవడం మొదలెట్టారు. అరవై పేజీల నివేదికలో తాను చెప్పలేకపోయిన మాట అదేనన్నట్టు కరెంటు సంస్థ ఇంజనీరు ఆవిడ కేసి భక్తిగా చూశాడు.

"అయితే ఇతనేం చెయ్యాలంటారు?"

"నెలకి రెండు బస్తాలైనా నా కాడ ఆడించాల. నేకపోతే మిషను సెడిన్నాడు వరసలో ఆకర్న నిలబడాల."

"బెన్హర్ గారూ, మీకు సమ్మతమేనా?" అని అడిగేశాక అధ్యక్షుడికి గుర్తొచ్చింది, పిండి మరలు తన పరిధిలోవి కావని. ఫ్యాక్టరీల మీద ఉత్తర్వు తరవాత ఇస్తామని చెప్పి మంచినీళ్లు తాగాడు.

బస్టాండులో బెన్హర్ ఆవిడ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"కారం నీ కాడే ఆడిస్తానత్తా. శెనగపిండి ఇంట్లో ఆడుకుంటాను."

"ఘాటు నాకూ, కమ్మన నీకూనేటి?"

"అది కాదత్తా. స్వర్ణ మూడు దినాలై తుమ్ముతన్నాది. మిరపకాయలో నానో, ఒకలే ఇంట్లో ఉండాలంతంది."

పెళ్లాం పేరు చెప్పగానే కూర్మమ్మకు పట్టు దొరికింది. "శెనగలు ఓ బస్తా కలిపితే మిరపకాయలు తే. నేకపోతే అవి నాకొద్దు, స్వర్ణకే వొగ్గీ."

"అరబస్తా కలపనా అత్తా?"

బస్సు కదిలినా బేరం తెగలేదు. గరివిడి దగ్గర ముప్పావు బస్తాకి ఇద్దరూ ఒప్పుకున్నారు.