ఆపే తీగ

ఆ రోజు తప్పు చేసింది నేను, తిట్లు తిన్నది నా బిడ్డ.

లాక్‌డౌన్‌లో, మేం వలస వచ్చి బతుకుతున్న ఖటోదరాలో మా మగ్గాల కార్ఖానా మూతబడింది. ఒక్క గదిలో నేను, నా భార్య, బిడ్డ. బిడ్డ పాత కంప్యూటర్ మీద చీరల అంచులకు డిజైన్లు గీసేది. అవి చూస్తానని ఒక వ్యాపారి మాట ఇచ్చాడు. నచ్చితే అదే ఆమెకు మొదటి పని. ఇంటికంతటికీ ఉన్నది నా ఫోన్ నెట్టే. బ్రౌజర్ అప్‌డేట్లు దాన్ని మింగేస్తున్నాయని వాటిని ఎప్పుడో ఆపేశాను.

ఆ మధ్యాహ్నం బిడ్డ నీళ్లకు వెళ్లినప్పుడు, మా ఊరికి వెళ్లే పాసు కోసం వెతికాను. మీ బ్రౌజర్ పాతది, ఇది దించుకుంటేనే పాసు అంటూ ఒక పేజీ వచ్చింది. దించబోతే యాంటీవైరస్ అడ్డుపడింది. మళ్లీ నొక్కాను, మళ్లీ ఆపింది.

పోగు తెగితే మగ్గాన్ని ఆపే తీగ ఒకటి ఉంటుంది. మీటరు లెక్కన కూలి తీసుకునే మాకు అది మాటిమాటికీ ఆపుతుంటే ఒళ్లు మండుతుంది. సేటు చూడకుండా దాన్ని దారంతో కట్టేస్తాం. మగ్గం ఆగదు, బట్టలో మాత్రం గీత పడుతూ పోతుంది. ఆ పనికి అలవాటుపడ్డ చేయి యాంటీవైరస్‌నూ అలాగే ఆపేసింది.

అది దిగింది కానీ పాసు రాలేదు. సాయంత్రానికి బిడ్డ గీసిన డిజైన్ ఒక్కటీ తెరుచుకోలేదు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. అయినా, పక్కింటివాళ్లు తలుపు దగ్గర నిలబడి వింటుంటే, అరిచాను.

"ఏం జూసినవే గిండ్ల? సినిమాలు గిట్ల దించినవా?"

"నేనేం దించలే బాపూ. నీ మీదొట్టు."

"మరి దానంతటదే సచ్చిందా?"

పక్కింటావిడ నవ్వింది. "సదువుకున్న పిల్లలు గిట్లనే జేస్తరన్నా."

బిడ్డ వ్యాపారికి ఏం చెప్పాలో తెలియక, గోడవైపు తిరిగి కూర్చుంది. రొట్టెలు కాలుస్తున్న నా భార్య తలెత్తకుండా అంది: "మధ్యాహ్నం కంప్యూటర్ ముంగట ఎవలు కూసున్నరో నేను జూసిన. నువ్వు జెప్తవా, నన్ను జెప్పుమంటవా?"

ఆ పూట రొట్టె తిని పడుకున్నాను. తెల్లారి నల్లా దగ్గర, అందరూ ఉండగా, మూతిగుడ్డ కిందికి లాగి చెప్పాను. "పిల్ల ఏం జెయ్యలే. యాంటీవైరస్ వద్దని ఆపుతుంటే నేనే దాన్ని బంద్ జేసిన."

"కార్ఖానా బుద్ధి ఇంట్లకు తెచ్చినవన్నమాట," అంది పక్కింటావిడ. ఈసారి నవ్వలేదు.

వ్యాపారికి నేనే ఫోన్ చేసి, ఆలస్యం నా వల్లేనని గడువు అడిగాను. మెకానిక్ కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాడు. డిజైన్లు పోయాయి. వాటి ఫోటోలు కొన్ని నా భార్య ఫోన్‌లో మిగిలాయి. బిడ్డ మళ్లీ గీయడానికి కూర్చుంటే, పక్కన కూర్చుని ఆ ఫోటోలు చూస్తూ డిజైన్‌లోని గడి గడికీ రంగు చదివాను. ఎరుపు, ఎరుపు, జరీ.

"బాపూ, అప్‌డేట్ వస్తున్నది. నీ నెట్టంతా గుంజుతది."

"గుంజనియ్," అన్నాను. తర్వాతి గడి చదివాను.