కూడలిలో పోయని పిప్పి

తాన్ గుయ్‌లియెన్ ఇరవై ఆరేళ్లు చైనాలోని చెంగ్దూ నగరం వీధులు ఊడ్చింది. ఏ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో ఆమెకు చుట్టాలకన్నా ముందే తెలిసేది. కషాయం కాచుకున్నవాళ్లు పొద్దున్నే పిప్పి తెచ్చి కూడలిలో కుమ్మరిస్తారు. పదిమంది తొక్కితే రోగం వాళ్ల కాళ్లకు అంటుకుని పోతుందట. పోవడం మాట దేవుడెరుగు, రాళ్ల సందుల్లో ఇరుక్కున్న వేళ్లూ బెరళ్లూ ఏరలేక ఆమె నడుం పడిపోయేది. "రోగాలు పోవు గానీ నా ప్రాణం పోతుంది!" అని మూసిన తలుపులన్నిటికీ వినబడేలా తిట్టేది.

అరవై ఒకటో ఏట రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక ఆరు కీమోలన్నారు. రెండోది కాగానే మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. మూడోదానికి చచ్చినా రానంది. భర్త షౌరెన్ కీమో ఇచ్చే డాక్టరమ్మను అడిగి, ఆమె సరేనన్నాక నాటువైద్యుడి దగ్గర మందు కట్టించుకొచ్చాడు. అల్లం, ఎండు నారింజ తొక్కలు, అతిమధురం, ఇంకేవో వేళ్లు. గంటసేపు కాచి, వడగట్టి గిన్నె అందించాడు.

"తాగుతాను. పిప్పి మాత్రం చెత్తబుట్టలో వెయ్యి," అంది.

"మతిపోయిందా? రోగం ఇంట్లోనే ఉండిపోతుంది! మా అమ్మ..."

"మీ అమ్మ ఏనాడైనా వీధి ఊడ్చిందా? ఇప్పుడా కూడలి ఊడ్చేది ఫెన్. ఇద్దరు పిల్లల తల్లి. నా రోగం దానికి చుట్టుకోవాలా?"

"అదంతా ఉత్తిదేనని తిట్టేదానివి కదే!"

"బాగున్నప్పుడు తిట్టాను. ఇప్పుడు భయమేస్తోంది ముసలోడా. కూడలిలో పోశావో, మళ్లీ గిన్నె ముట్టను."

షౌరెన్ తలూపాడు. తలూపి తను అనుకున్నదే చేయడం నలభై ఏళ్లుగా అతని అలవాటు.

వారం గడిచింది. వాంతులు పూర్తిగా ఆగలేదు గానీ గంజి నిలిచింది. అది కషాయం చలవో, ఆసుపత్రి మాత్రల చలవో డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పలేదు. గుయ్‌లియెన్ మాత్రం కీమో ఊసెత్తితే గోడవైపు తిరిగి పడుకునేది.

ఎనిమిదో రోజు పొద్దున్నే అతను కషాయం కుండ పట్టుకుని బయటకు జారుకోవడం చూసింది. ఒళ్లు మండిపోయింది. కోటు తగిలించుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగింది.

అతను కూడలికి వెళ్లలేదు. పెరట్లో సైకిళ్ల పాక వెనక పిప్పి పోసి, దాని మీద అటూ ఇటూ నడుస్తున్నాడు.

"అరవై మూడు, అరవై నాలుగు..."

"ఏంటీ పని?"

ఉలిక్కిపడ్డాడు. "ఎవరో ఒకరు తొక్కాలిగా. మనుషులు లేరని నేనే వందసార్లు తొక్కుతున్నా. తర్వాత ఊడ్చేసి చెత్తలోనే వేస్తున్నా."

"రోజూనా?"

"రోజూ."

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే తిట్లే వస్తాయి ఆమెకు.

"పిచ్చి ముసలోడా, ఆ రోగం నీకు చుట్టుకుంటే నిన్నెవరు చూస్తారు?"

"నువ్వే. అందుకే రేపు ఆసుపత్రికి పద."

మర్నాడు గుయ్‌లియెన్ మూడో కీమోకి వెళ్లింది.