టైమింగు బెల్టుకు కాపలా

అల్లూరు దగ్గర జయరామయ్యకు రెండెకరాల రొయ్యల గుంట ఉంది, పాత డీజిలు కారు ఉంది, లోకంలో ఎవరినీ నమ్మని గుణం ఉంది. మేత బస్తా కొంటే కుట్టు విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాడు. గుంట దగ్గర పెట్టిన కాపలావాడి మీద ఇంకొకణ్ణి కాపలా పెట్టిన మహానుభావుడు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా కారుకు డ్రైవరును పెట్టుకోడు, డీజిలు తీసి అమ్ముకుంటాడని. భార్య ఆదిశేషమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు నెల్లూరులో డయాలసిస్. ఆ మూడు రోజులూ తెల్లవారుజామునే తనే తోలుకుపోతాడు.

ఆ కారుకే టైమింగు బెల్టు మార్చాల్సి వచ్చింది. ఇంజను పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలిపి ఒక లెక్కలో తిప్పే పళ్ల బెల్టు అది. దారిలో తెగితే ఇంజను అక్కడికక్కడే పోతుంది, ఆదిశేషమ్మ నడిరోడ్డు మీద ఉండిపోవాలి. మెకానిక్ పెంచలకృష్ణ రెండు నెలలుగా ఆ మాటే చెబుతున్నాడు. "వీడికేదో లాభం లేకపోతే ఇంతలా ఎందుకు చెబుతాడు?" అనుకుంటూ జయరామయ్య వాయిదా వేశాడు. చివరికి తనే నెల్లూరులో బెల్టు కొన్నాడు. పెట్టెలో ఉంటే ఎవరైనా మార్చేస్తారని పెట్టె పారేసి, బెల్టును నాలుగు మడతలు పెట్టి, మేత బస్తా దారంతో బిగించి, తనకొక్కడికే తెలిసిన ముడి వేసి రొండిన దోపుకున్నాడు. పడుకున్నప్పుడు కూడా తీయలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, బానెట్టు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పెంచలకృష్ణ బెల్టు మీది కవరు విప్పి, రెండు పుల్లీల మీదా గుర్తులు కలిపి, బెల్టును బిగించి పట్టే టెన్షనరు వదులు చేసి పాత బెల్టు బయటికి తీశాడు. అతని చెయ్యి ఎటు పోతే జయరామయ్య తల అటు తిరిగింది.

"కొత్తది ఇయ్యి పెదనాయనా."

జయరామయ్య అటూ ఇటూ చూసి, ముడి విప్పి ఇచ్చాడు. పెంచలకృష్ణ నోరెళ్లబెట్టాడు.

"ఎవరు మడిచినారు దీన్ని?"

"నేనే. ఏం?"

"దీన్ని మడవగూడదు. లోపలుండే పోగులు విరిగిపోతాయి. ఇదిగో, మడత పడినకాడ చీలిక చూడు. దీన్నేస్తే నెల్లూరు గూడా చేరదు."

"ఆహా! నీకాడుండేది నాకు అంటగట్టేదానికా?"

పెంచలకృష్ణకు ఒళ్లు మండింది. "నాకాడ ఈ బండిది లేదు. పాతదే మళ్లా ఏస్తా."

జయరామయ్యకు ఇది ఇంకా పెద్ద మోసంలా తోచింది. మార్చాలి మార్చాలి అని ప్రాణం తీసినవాడే ఇప్పుడు పాతది చాలంటున్నాడు! పెంచలకృష్ణ పాత బెల్టును వెలుతురులో పట్టి, ఒక్కో పన్నూ వేలితో తడిమాడు. చీలిక లేదు, నూనె మరక లేదు.

"గడువు దగ్గరపడింది గానీ ఇంకా గట్టిగానే ఉండాది. రేపు పొయ్యొచ్చేదానికి ఇబ్బంది లేదు. ఈ తూరి కొత్తది పెట్టెతో పాటు తీసకరా."

ఇంతకు ముందు ఏ వైపు తిరిగేదో ఆ వైపే తిరిగేలా బెల్టు ఎక్కించి, టెన్షనరు బిగించాడు. పానా వేసి ఇంజనును చేత్తోనే రెండు చుట్లు తిప్పి ఆపాడు.

"నన్ను ఎట్టాగూ నమ్మవు. నువ్వే చూడు పెదనాయనా. ఈ గీతా, ఆ చుక్కా ఎదురెదురుగా వచ్చినాయా? ఒక్క పన్ను తప్పినా ఇంజను దెబ్బతినిపోతాది."

జయరామయ్య వంగాడు. గీతా కనపడలేదు, చుక్కా కనపడలేదు. రెండేళ్లుగా రెండు కళ్లలోనూ శుక్లాలు. తెలిస్తే అందరూ మోసం చేస్తారని భార్యకు కూడా చెప్పలేదు. పొద్దున్నుంచీ రెప్ప వేయకుండా ఆయన చూసిందంతా ఒట్టి మసక. "వచ్చినాయి" అనేస్తే పరువు దక్కుతుంది. కానీ రేపు ఆ కారులో కూర్చునేది ఆదిశేషమ్మ. జయరామయ్యకు భయం వేసింది.

"నాకు కనపడలే కృష్ణా," అన్నాడు మెల్లగా. "నువ్వే చూసి చెప్పు."

"గుర్తులు సరిగానే ఉండాయి," అన్నాడు పెంచలకృష్ణ. అతను ఇంజను వైపు చూడటం లేదు, ఆయన కళ్లలోకి చూస్తున్నాడు. "మరి పెద్దమ్మను నెల్లూరికి తోలకపొయ్యేది నువ్వే గదా?"

పెంచలకృష్ణ గుడ్డతో చేతులు తుడుచుకుని, "రేపు నేను తోలకపోతా," అని కారు తాళం కోసం చెయ్యి చాపాడు. నీకేం లాభమని అడక్కుండా జయరామయ్య తాళం తీసి ఇచ్చాడు.