గుమ్మడి అని పిలిపించుకున్న అమ్మాయి

టీవీలో కనిపించకముందు ఆమె ఆడవాళ్ల సెలూన్‌లో జుట్టు కత్తిరించేది. చేతితో పాటు నోరూ ఆడేది. కుర్చీలో కూర్చున్నవాళ్లు నవ్వాపుకోలేక తల కదిలిస్తే, "కదిలారంటే చెవికి నా పూచీ లేదు" అని బెదిరించేది. అక్కడికి వచ్చే ఒకావిడ టీవీలో పనిచేసేది. కొంతమందిని ఒకే ఇంట్లో ఉంచి, పగలూ రాత్రీ కెమెరాలతో చూపించే షో ఒకటి మొదలవుతుంటే, ఈ మాటకారిని వెంటబెట్టుకుపోయింది.

ఆ ఇంట్లో తిండి కొలిచి ఇచ్చేవారు. ఒకరోజు అందరూ తిని లేచాక ఆమె గిన్నె అడుగున మిగిలింది గీరి తిని, వేళ్లు నాక్కుని, కెమెరా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు ఊరంతా పాకింది. యాంకర్ "మా గుమ్మడి" అన్నాడు. షో చివరిదాకా ఆమె నిలవలేదు గానీ, ఆ పేరు మాత్రం వెంటే వచ్చింది. బజారులో ముక్కూమొహం తెలియనివాళ్లు బుగ్గలు గిల్లి, "ఇవాళ ఏం తిన్నావే గుమ్మడీ?" అని అడిగేవారు. హోటళ్లవాళ్లు పిలిచి, నిండు పళ్లెం ముందు కూర్చోబెట్టి వీడియోలు తీసేవారు. వాటి కింద జనం రాసినవన్నీ ఆమె చదివేది. ముద్దొస్తోంది అన్నవాళ్లు గుర్తుండేవారు కాదు. ఇంకో ముద్ద తింటే పగిలిపోతుంది అన్నవాడు మాత్రం మనసులో తిష్ట వేసేవాడు.

కొత్త షోకి నిర్మాత కబురు పెట్టాడు.

"ఈసారి కాస్త సన్నబడి రామ్మా. కెమెరాకి బావుంటుంది."

"తిండి తగ్గించమంటారా సార్?"

"అయ్యో, అదేం మాట? నువ్వు తింటుంటే చూడ్డానికేగా జనం టీవీ పెట్టేది. తిను. ఒళ్లు మాత్రం రానివ్వకు."

ఆయన సరదాగానే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం, ఆ రెండు మాటలూ ఎలా కలుస్తాయో అంతుపట్టక చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయింది.

చివరికి ఒక దారి దొరికింది. నలుగురిలో తినడం, తర్వాత బాత్రూమ్ తలుపేసుకుని, కుళాయి తిప్పి, తిన్నదంతా కక్కేయడం. మొదట్లో షూటింగులు అయ్యాకే. తర్వాత ఇంట్లో కూడా. కావాలని చేస్తున్నాననుకున్న పని, మానుకుందామనుకుంటే మానలేని పనైంది. ఆమె అక్కాబావల దగ్గర ఉండేది. బావ బస్సు డ్రైవరు, నవ్వించే మనిషి. "మీ చెల్లెలి స్నానానికి ఏరు మళ్లించినా చాలదే" అనేవాడు. పోస్టాఫీసులో పనిచేసే అక్క నవ్వి ఊరుకునేది.

ఒకరోజు పన్ను జివ్వుమని లాగుతుంటే, అక్క ఆమెను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ పళ్ల లోపలి వైపు చాలాసేపు చూసి, అక్కను కాసేపు బయట కూర్చోమంది.

"తిన్నది తరచుగా పైకి వస్తోందా అమ్మాయీ? లేక నువ్వే రప్పిస్తున్నావా?"

"నిమ్మరసం ఎక్కువ తాగుతానండీ."

డాక్టరమ్మ వాదించలేదు. "తిట్టడానికి అడగట్లేదమ్మా. ఇది జబ్బు. దీనికి వైద్యం ఉంది. ఒక్కదానివే పడాల్సిన పని లేదు" అంది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చి, "పుచ్చిందట, అంతే" అని అక్కతో చెప్పింది.

కొత్త షో జనం ముందు, హాల్లో మొదలైంది. యాంకర్ పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గుండె దడదడలాడుతోంది. కళ్ల ముందు లైట్లు ఈదుతున్నాయి.

"కానియ్ గుమ్మడీ" అన్నాడు యాంకర్.

"నా వల్ల కాదు" అందామె మైకులో. "నాకు బాగోలేదు. తిన్నదంతా కక్కేస్తున్నాను. చాలా రోజులైంది. ఆపుకోలేకపోతున్నాను."

హాలంతా గొల్లుమంది. అది కొత్త జోకనుకున్నారు. యాంకర్ కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె మైకు విప్పి బల్ల మీద పెట్టి, చప్పట్లు మోగుతుండగానే మెట్లు దిగింది. తెర వెనక, తోడుగా వచ్చిన అక్క నిలబడి ఉంది.

"నిజమేనా?"

ఆమె తలూపింది.

"ఆ కుళాయి చప్పుడు..." అంది అక్క. చెల్లెలి చెయ్యి పట్టుకుని, అట్నుంచటే ఆస్పత్రికి తీసుకెళ్లింది.

ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసి, ఒంట్లో లవణాలు పడిపోయాయనీ, గుండె లయ తప్పుతోందనీ చెప్పి చేర్చుకున్నారు. గుండె కుదుటపడ్డాకే అసలు వైద్యం మొదలైంది. మానసిక వైద్యురాలితో మాటలు, వేళకు తిండి, తిన్నాక కాసేపు ఎవరో ఒకరు పక్కన ఉండడం.

అక్క మొదట్లో పోలీసులా కాపలా కాసింది. బాత్రూమ్ గడియ పీకెయ్యమంది. బావ స్క్రూడ్రైవర్ పట్టుకుని తలుపు ముందు కూర్చున్నాడు, కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. "ఇది పీకేస్తే ఆ పిల్లకి ఈ ఇంట్లో ఎలా ఉండబుద్ధవుతుంది?" అని లేచాడు. వైద్యురాలు కూడా, "గడియ జోలికి పోకండి, కూర్చుని కబుర్లు చెప్పండి" అంది. అప్పట్నుంచి భోజనాలయ్యాక ఎవరూ బల్ల దగ్గర్నుంచి లేచేవారు కాదు. బావ బస్సులో జరిగిన తగాదాలను ఇద్దరి గొంతులతోనూ నటించేవాడు. అక్క, చిరునామా రాయకుండా ఉత్తరం వేసి, అందలేదేమని దబాయించిన పెద్దమనిషి సంగతి చెప్పేది. ఆమె ఒక్కోసారి నవ్వేది. ఒక్కోసారి ఏడుస్తూ వినేది. ఒక్కోసారి వాళ్ల కన్నుగప్పి బాత్రూమ్‌లోకి వెళ్లిపోయేది. అలా జరిగిన మర్నాడు కూడా ముగ్గురూ అక్కడే కూర్చునేవారు.

నిర్మాత ఫోన్ చేశాడు. "నీ కథే ఒక ఎపిసోడ్ చేద్దామమ్మా. జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు."

"వాళ్లు నవ్వింది చాలండీ" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆమె మళ్లీ సెలూన్‌లో చేరింది. జబ్బు పూర్తిగా వదల్లేదు. మనసు బాగోని రోజుల్లో మళ్లీ వచ్చి పట్టుకుంటుంది. అలాంటప్పుడు దాచకుండా అక్కకు చెప్పడం నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం వెనక గదిలో అన్నం డబ్బా తెరిచి కూర్చుందో లేదో, కస్టమర్ వచ్చిందని యజమానురాలు కేకేసింది. చెయ్యి కడిగేసుకుని లేవడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. ఆమె లేవలేదు.

"కూర్చోమనండి. తింటున్నాను."

కూర చల్లారిపోయింది, ఉప్పు కూడా తక్కువైంది. మెల్లగా తినడం ముగించి, డబ్బా కడిగి బోర్లించి, తువ్వాలు భుజాన వేసుకుని ముందు గదిలోకి వెళ్లింది.