ముగ్గురు చెప్పిన ఒకే గోడ

మా అన్నయ్య పనిచేసేది వాల్వుల ఫ్యాక్టరీలో. గొట్టాల్లో నీళ్లనూ ఆవిరినీ ఆపే వాల్వులు, మనిషి చెయ్యి పెట్టకుండా వాటిని తిప్పే యాక్చుయేటర్లు అక్కడ తయారవుతాయి. వచ్చే ఏడాది ఎన్ని అమ్ముడుపోతాయో ముందుగా అంచనా వేసి చెప్పడం అన్నయ్య పని. అందుకే అక్కడ ఆయనకు ‘వాతావరణం’ అని పేరు పెట్టారు. అంచనా తప్పితే, “గొడుగు తెమ్మన్నావు, చుక్క పడలేదే” అని మొహం మీదే అంటారు. ఆయన వాదించడు. ఫోన్ తీసి కొనేవాళ్లను మళ్లీ మొదటి నుంచీ కనుక్కుంటాడు.

ఈసారి గిరాకీ బాగుంటుందని చెప్పాడు. ఆ మాట నమ్మి యాజమాన్యం యాక్చుయేటర్లకు రెండో తయారీ లైను పెట్టబోతోంది. అదే ఫ్యాక్టరీలో టెంపరరీగా ఉన్న మా ఆయన్ని అందులో పర్మనెంటు చేస్తామన్నారు. పాప పుట్టాక నేను ల్యాబ్ ఉద్యోగం మానేశాను. ఇంటికి ఆ ఒక్క జీతమే ఆధారం.

ఆదివారం అన్నయ్య మా ఇంట్లో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది. చెయ్యి ఖాళీ లేక స్పీకర్లో పెట్టాడు. ఎవరో కాంట్రాక్టరు. నీటిశుద్ధి ప్లాంటుకు యాక్చుయేటర్ల ధర కావాలట.

“ఒక్క విషయం సార్. కుడిపక్కన గోడ అడ్డం. కరెంటు పోతే తిప్పే చేతిచక్రం ఎడమకు రావాలి.”

“గోడకీ పైపుకీ మధ్య చెయ్యి పట్టదు, అంతేనా?” అన్నాడు అన్నయ్య.

“మీకెలా తెలుసు?”

అన్నయ్య ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాడు. పాపను నాకందించాడు. “ఈ గోడ గురించి చెప్పినవాళ్లలో ఈయన మూడోవాడు.”

“అయితే మూడు ఆర్డర్లా బావగారూ?” మా ఆయన ఆశగా అడిగాడు.

“కాదు బావా. ప్లాంటు ఒకటే. ఆ పని నాకంటే నాకని ముగ్గురు పోటీపడుతున్నారు. గెలిచినవాడొక్కడే కొంటాడు. నేను ముగ్గురినీ మూడు ఆర్డర్లుగా లెక్కలో వేసేశాను. ఇంకెన్ని ఇలా వేశానో.”

నేను ఫిజిక్సు చదివినదాన్ని. ఒక బల్లను మూడుసార్లు కొలిస్తే మూడు బల్లలు కావని నాకు తెలుసు. అయినా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

“రేపు మీటింగులో చెప్పకు అన్నయ్యా. బుధవారం ఈయన చేతికి పర్మనెంటు కాగితం వస్తుంది. ఆ తర్వాత చెప్పు.”

“ఆ తర్వాత లైను ఖాళీగా ఉంటే ముందు ఎవర్ని ఇంటికి పంపిస్తారే? అందులోకి కొత్తగా తీసుకున్నవాళ్లనే.”

“అప్పటి సంగతి అప్పుడు చూసుకుంటాం. నీకేం, నీ కుర్చీ నీకుంటుంది.”

అన్నయ్య లేచాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దంతా పాపను భుజాన వేసుకుని వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరిగాను. సాయంత్రం మా ఆయన వచ్చి చొక్కా అయినా విప్పకుండా కూలబడ్డాడు.

“మీ అన్నయ్య చెప్పేశాడు. రెండో లైను లేదు. నన్ను రిపేర్ల సెక్షన్లో వేశారు, టెంపరరీగానే.”

కాసేపటికి అన్నయ్య వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“రండి వాతావరణం గారూ,” మా ఆయన తలెత్తకుండానే అన్నాడు. “ఇవాళ ఎండా, వానా?”

“కొత్త ప్లాంట్లు ఇప్పట్లో అంతగా రావు బావా. పాతవాటిలో వాల్వులు అరిగిపోతున్నాయి. రిపేర్లకు ఏడాదికి సరిపడా పని ఉంది. నిన్ను ఆ సెక్షన్లో వెయ్యమని అడిగింది నేనే.”

“వీటినైనా ఒక్కోటీ ఒక్కసారే లెక్కపెట్టారా?”

“మధ్యాహ్నమంతా ప్లాంటు ప్లాంటుకీ ఫోన్ చేశాను. గోడ ఎటుందో కూడా అడిగాను.”

మా ఆయన నవ్వలేదు. కాలితో కుర్చీని అన్నయ్య వైపు జరిపాడు.