ముప్పై మూడడుగుల గుంజ, పదిహేనడుగుల ఎత్తులో తీగ

ఎత్తుగా ఉన్నదే గొప్పదని నమ్మే జబ్బు నాకు ముందు నుంచీ ఉంది. గోదావరిఖనిలో మా కంపెనీ క్వార్టరు స్లాబు మీద ముప్పై మూడడుగుల అల్యూమినియం గొట్టం నిలబెట్టిన ఏడాది ఆ జబ్బు బాగా ముదిరింది. అది హామ్ రేడియో కోసం, అంటే లైసెన్సు తీసుకుని ఊళ్లవాళ్లతో, దేశాలవాళ్లతో మాట్లాడుకునే రేడియో కోసం, నేను సొంతంగా చేసుకున్న యాంటెన్నా. గొట్టం అడుగు నుంచి నాలుగు రాగి తీగలు నాలుగు దిక్కులకు వాలుగా దిగేవి. దాన్ని గ్రౌండ్ ప్లేన్ అంటారు. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగినవాళ్లకు కూడా కనిపించేది. ఎవరైనా తల ఎత్తి చూస్తే నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ఈ విద్య నాకు నేర్పింది మా బొగ్గు గనిలో, ఉక్కు తాడుతో బొగ్గు తొట్లు లాగే హాలేజీ ఇంజను నడిపిన కాక. సొంత బాబాయి కాదు, గనిలో పెద్దవాళ్లంతా మాకు కాకలే. నేను అదే గనిలో ఎలక్ట్రీషియన్‌ని. డ్యూటీ దిగి ఆయన దగ్గర కూర్చుని, చుక్కలు గీతలుగా అక్షరాలు కొట్టే మోర్స్ నేర్చుకున్నాను. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ ముచ్చట పెట్టేవాళ్లం. ఆయన రిటైరయ్యాక రేడియో సెట్టు, మోర్స్ కొట్టే కీ సర్దుకుని గోదావరి అవతల, ఆసిఫాబాద్ దాటాక ఉన్న సొంతూరికి వెళ్లిపోయాడు.

ఆయన యాంటెన్నా నా దానికి పూర్తిగా విరుద్ధం. అరవై ఆరడుగుల తీగ, మధ్యలోంచి కిందికి దిగే కేబులు, రెండు కొసలు రెండు చెట్లకు. డైపోల్ అంటారు. నేల మీంచి పదిహేనడుగులైనా ఉండదు.

"కాకా, గిది యాంటెన్నానా? బర్రెను కట్టేసే పలుపు లెక్కున్నది" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"నీ గుంజ రష్యాకు వినవడ్తది బిడ్డా. పక్క జిల్లాకు వినవడ్తదో లేదో చూస్కో" అనేవాడాయన.

ఆ ఎండాకాలం కాకకు ఊపిరితిత్తుల జబ్బు ఎక్కువైంది. ఫోన్ చేస్తే రెండు మాటలు, ఆ తర్వాత అంతా దగ్గే. ఒకరోజు ఆయన కూతురు ఫోన్ అందుకుంది.

"అన్నా, నెలాఖరుకు బాపును హైద్రాబాదు పట్నంల మా ఇంటికి తీస్కపోతున్న. మాది కిరాయి ఫ్లాటు. తీగలు కడ్తమంటే ఓనరు ఒప్పుకోడు. సెట్టు ఎవలకన్న ఇచ్చేస్తం. ఇగ నువ్వు ఫోన్లనే మాట్లాడాలె."

ఫోన్లో మాట్లాడటం ఆయన వల్ల కాదని ఆమెకూ తెలుసు. కానీ వేళ్లకు దగ్గు రాదు కదా! కీ పట్టుకుంటే కాక గంటసేపైనా ముచ్చట చెప్పగలడు. చేతిలో మూడు వారాలున్నాయి. ఆయన సెట్టు చేయి దాటేలోపు ఒక్కసారైనా తనివితీరా మాట్లాడి తీరాలనుకున్నాను. తోటివాళ్లను బతిమాలి షిఫ్టులు మార్చుకుని, మూడు వారాలూ మధ్యాహ్నం మొదలయ్యే సెకండ్ షిఫ్టే వేయించుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం సెట్టు ముందు కూర్చోవాలని మాట.

మొదటి వారం రోజూ పిలిచాను. బదులు లేదు. ఆరో రోజు స్లాబు ఎక్కి చూసుకుంటే నా తెలివి నాకే కనిపించింది. గొట్టం పడిపోకుండా మూడు వైపులా లాగి కట్టింది తుక్కులో వేసిన హాలేజీ తాడు పోగులతో. గనిలో పనిచేసేవాడు ఉక్కు తాడును తప్ప దేన్నీ నమ్మడు. నైలాన్ తాడంటే మాకు పిల్లల ఆట. ఆ ఉక్కు పోగులు యాంటెన్నా పక్కనే, దాదాపు దాని పొడవే ఉండి, వెళ్లాల్సిన తరంగాన్ని తామే మింగుతున్నాయి. ఎలక్ట్రీషియన్‌నై ఉండి ఇది తట్టలేదని నన్ను నేను తిట్టుకుంటూ నైలాన్ తాళ్లు కట్టాను. చేతులు కాలే ఎండ. బ్లాస్టింగు అదురుకు వదులైన బోల్టులు కూడా బిగించాను.

ఆ సాయంత్రం సింగపూర్ పలికింది. డ్యూటీకి నాగా పెట్టినందుకు నష్టం లేదనిపించింది. తెల్లారగట్ల రష్యా పలికింది. నేను ఎగిరి గంతేశాను. ఎనిమిదింటికి కాకను పిలిచాను. గుసగుస కూడా లేదు.

మా ఆవిడ చాయ్ గ్లాసు పెడుతూ అంది: "సింగపూర్ల నీకెవలున్నరు? నీకు గావాల్సినాయన ఈడ దగ్గర్లనే ఉన్నడు గదా."

కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆమె మాట నిజమైనందుకు. నిలువు గొట్టం తరంగాన్ని నేల వారగా దూరం పంపుతుంది. వందేసి మైళ్ల లోపున్న వాళ్లను అది దాటేసి పోతుంది. కిందికి కట్టిన తీగ నిటారుగా ఆకాశంలోకి పంపితే, అది మీద నుంచి తిరిగి చుట్టుపక్కల మీదే పడుతుంది. ఇదంతా నేను పరీక్ష కోసం చదివిందే. కానీ నా గొట్టం విషయంలో ఆ పేజీ ఒప్పుకోబుద్ధి కాలేదు.

పక్క క్వార్టరు అక్క వాళ్ల పెరట్లో వేపచెట్టు ఉంది. మా గోడ నుంచి ఆ చెట్టుకు తీగ కట్టాను. అక్క కింద నిలబడి చూసింది.

"గంత మీదికి దండెం కడ్తివి, బట్టలెట్ల ఆరేస్తవు తమ్మీ?"

"నీ చీరలకు కాదక్కా, మా కాక కోసం" అన్నాను.

ఇంత చేసీ నేను మొండివాణ్ణే. రెండు యాంటెన్నాల మధ్య ఒక స్విచ్ పెట్టి పోల్చడం మొదలుపెట్టాను. హైదరాబాద్ స్టేషను ఒకటి గొట్టం మీద దోమ మూలిగినట్టు వినిపించేది. స్విచ్ తిప్పి తీగ మీద పెడితే గదంతా నిండేది. పుస్తకంలో రాసుకున్నాను. నమ్మకుండా మర్నాడు మళ్లీ చూశాను. ఆ మర్నాడు కూడా. ఎనిమిదింటి పిలుపు మాత్రం ఆ మూడు రోజులూ గొట్టం మీదే. నా గుంజ పరువు కోసం కాకతో మాట్లాడాల్సిన రోజుల్లో మూడు పాడు చేశానని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో రోజు స్విచ్ తీగ వైపే ఉంచి, ఎనిమిదింటికి పిలిచాను. చెవి పక్కనే కూర్చుని కొట్టినట్టు ఆయన చేయి వినిపించింది. ఆ చేతి వరస కాకది తప్ప వేరెవరిదీ కాదు.

"ఏ యాంటెన్నా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

నేను కొట్టాను: "నీదే కాకా. పలుపు."

ఆయన నవ్వు కూడా కీ మీదే కొట్టాడు. దగ్గు లేదు, ఆయాసం లేదు. నలభై నిమిషాలు ముచ్చట పెట్టాడు. హాలేజీ ఇంజను గురించి, మనవరాలి గురించి, పట్నంలో పొద్దు ఎట్లా పోతుందోనన్న దిగులు గురించి. నెలాఖరు దాకా ఒక్క రోజూ తప్పలేదు. చివరి రోజు ఆయన కొట్టింది ఇది: "వినేటందుకు చిన్న రిసీవరు ఉంచుకుంట. నాకు మాట్లాడ రాదు. నువ్వు పిలుసుడు బంజెయ్యకు."

మర్నాడు నా గొట్టాన్ని నేనే దించాను. సెకండ్ షిఫ్టు వారాల్లోనూ, సెలవు రోజుల్లోనూ ఎనిమిదింటికి సెట్టు ముందు కూర్చుని, బదులు రాదని తెలిసీ పిలిచాను. మొదటి వారం నాకే పిచ్చి పట్టిందేమో అనిపించింది. రెండో వారం ఒక ఉదయం కాక పేరు కొట్టడం పూర్తయ్యేసరికి పక్కన నా సెల్‌ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. పట్నంలో ఆయన కూతురి నంబరు. మిస్డ్ కాల్. తిరిగి చేయలేదు. కళ్లు తుడుచుకుని, ఆ రోజు చెప్పాల్సిన ముచ్చట కొట్టడం మొదలుపెట్టాను.